బన్సీలాల్‌పేట్ మెట్ల బావి: సిటీ మర్చిపోయిన బ్యాకప్



వాటర్ ట్యాంక్ అనగానే మనం తల పైకెత్తి చూస్తాం కదా. నాలుగైదు పిల్లర్లు, పైన గుండ్రటి ట్యాంక్, పక్కన ఒక నిచ్చెన. అంత ఎత్తు ఎందుకంటే, నీళ్లు పైన ఉంటే ప్రెషర్ దానంతట అదే వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ప్రెషర్. సింపుల్.

ఈరోజు మనం చూసేది దీనికి పూర్తి రివర్స్. సికింద్రాబాద్‌లో, గాంధీ హాస్పిటల్‌కి దగ్గర్లో, బన్సీలాల్‌పేట్‌లో నీళ్ల కోసం తల కిందికి దించాలి. 53 అడుగుల లోతు. ఐదంతస్తుల బిల్డింగ్‌ని తలకిందులు చేసి భూమిలో దించినట్టు అనుకోండి. ఇదే బన్సీలాల్‌పేట్ మెట్ల బావి. పాత పేరు నాగన్నకుంట బావి.

ఇది 17వ శతాబ్దం నాటిదని చెప్తారు. ఒక్కసారి ఆలోచించండి, సికింద్రాబాద్‌కి ఆ పేరు వచ్చిందే 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. అంటే ఊరికి పేరు పెట్టకముందు నుంచే ఇక్కడ నీళ్లున్నాయి, బిందెతో దిగి ఎక్కిన మనుషులున్నారు. మరి బన్సీలాల్ ఎవరు? సేఠ్ బన్సీలాల్, డబ్బున్న వ్యాపారి. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్‌తో మాట్లాడి, ఇక్కడ పద్ధతిగా ఒక పేట కట్టడానికి డబ్బిచ్చాడు. అలా నాగన్నకుంట కాస్తా బన్సీలాల్‌పేట్ అయింది. గమనించారా? పాత పేరులో కుంట ఉంది, అంటే నీళ్లు. కొత్త పేరులో పేట ఉంది, అంటే ఇళ్లు. ఒక్క పేరు మార్పులో మన సిటీ కథ మొత్తం ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మెట్లెందుకు? మామూలు బావికి గిలక, తాడు చాలు కదా?

మన హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఇసుక నేలలాగా నీళ్లని పీల్చి దాచుకోదు. పైపైన మెత్తబడిన రాతి పొరలో, రాయి పగుళ్లలో మాత్రమే నీళ్లుంటాయి. అందుకే వానాకాలంలో లెవెల్ గబగబా పైకొస్తుంది, ఎండాకాలంలో అంతే స్పీడ్‌గా దిగిపోతుంది. మెట్ల బావి దీనికి చేసిన డిజైన్. లెవెల్ పైనుంటే నాలుగు మెట్లు దిగితే చాలు. కిందికి పోతే ఇంకో ఇరవై దిగాలి. నాకు నచ్చిందేంటంటే, నీళ్లెంత మిగిలాయో ఊరంతటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. ఈరోజు ఎక్కువ మెట్లు దిగాల్సొచ్చిందంటే, రేపట్నుంచి జాగ్రత్తగా వాడుకోవాలని చిన్న పిల్లలకి కూడా అర్థమైపోతుంది. దీన్నే ఆఫీసులో మనం డ్యాష్‌బోర్డ్ అంటాం. బోరుబావిలో అది కుదరదు. వెయ్యి అడుగుల కింద ఏం జరుగుతోందో మోటర్ గాలి కక్కేదాకా ఎవరికీ తెలీదు.

మరి ఇంత మంచి బావి ఎందుకు చచ్చిపోయింది? నీళ్లు ఎండిపోయి కాదు. ట్యాప్ వచ్చి.

1908లో మూసీ వరదలు హైదరాబాద్‌ని ముంచేశాయి. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్లాన్‌తో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. అదే మనం గండిపేట నీళ్లు అని గొప్పగా చెప్పుకునేది. అవి సరిపోక 1965లో మంజీరా. అదీ సరిపోక 2004లో కృష్ణా. 2015లో గోదావరి, అదీ ఎల్లంపల్లి నుంచి, సుమారు 186 కిలోమీటర్ల దూరం. గండిపేట నీళ్లు వాలు మీద వాటంతట అవే సిటీకి వచ్చేవి. కృష్ణా, గోదావరి నీళ్లని మాత్రం పంపులు పెట్టి, కరెంటు పోసి ఎక్కించాలి. ఒక్క పెద్ద పైప్‌లైన్ రిపేర్‌కొస్తే చాలు, ఫలానా ఏరియాల్లో రెండ్రోజులు నీళ్లు బంద్ అని మెసేజ్ వచ్చేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో కొత్త సిస్టమ్ వచ్చాక పాతదాన్ని కొన్నాళ్లు బ్యాకప్‌గా ఉంచుతాం. మనమేమో పాతదాన్ని నిజంగానే ట్రాష్ చేశాం. దాదాపు నలభై ఏళ్లు ఈ బావి చెత్తకుండీ. మట్టి, ఇంటి చెత్త, కూల్చిన గోడల ముక్కలు. కింద ఇంత పెద్ద బావి ఉందని కూడా తెలియనంతగా పూడిపోయింది.

2021లో పని మొదలైంది. ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ నడిపే ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్, జీహెచ్‌ఎంసీ, ఇంకా కొన్ని సంస్థలు కలిశాయి. తీసిన చెత్త సుమారు 2,000 టన్నులని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చెత్త తీస్తుంటే కింద నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. అంటే అన్నేళ్లూ ఊట అలాగే బతికుంది, పైన మూత పెట్టింది మనమే. 2022 మార్చిలో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో ఈ బావి గురించి మాట్లాడారు. అదే ఏడాది డిసెంబర్ 5న అప్పటి మంత్రి కేటీఆర్ ఓపెన్ చేశారు.

సరే, ఇక్కడి దాకా హ్యాపీ ఎండింగ్. ఇప్పుడు కొంచెం లెక్కలేద్దాం.

బాగుచేశాక ఒక్క సీజన్‌లో బావిలో 22 లక్షల లీటర్లు నిలిచాయని వార్తల్లో చెప్పారు. పెద్ద నంబరే. 5,000 లీటర్ల ట్యాంకర్‌తో చూస్తే 440 ట్యాంకర్లు. కానీ సిటీలో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలనేది స్టాండర్డ్ లెక్క. అలా చూస్తే 22 లక్షల లీటర్లు సుమారు 16,000 మందికి ఒక్క రోజుకి సరిపోతాయి. ఒక్క రోజే! కాబట్టి ఈ బావి సికింద్రాబాద్ నీళ్ల కష్టాన్ని తీర్చేస్తుందని ఎవరైనా రీల్ చేస్తే నమ్మకండి.

మరి దేనికి ఇదంతా? ఇంకో లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 120 గజాల స్లాబ్ అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదిలో పడేది 80,000 లీటర్లు. కొంత ఆవిరైపోయినా, కొంత కారిపోయినా, 65,000 లీటర్లు పట్టొచ్చు అనుకుందాం. అలాంటి 34 ఇళ్లు కలిస్తే ఎంత? 22 లక్షలు. అంటే మీ గల్లీలో 34 ఇళ్లవాళ్లు పైకప్పు నీళ్లని డ్రైనేజీలోకి వదలకుండా ఇంకుడు గుంతలోకి వదిలితే, ఏటా మీ గల్లీ కింద ఒక మెట్ల బావి నిండినట్టే. దానికి కోట్లు అక్కర్లేదు. పైపు, గుంత, కంకర, ఇసుక, ఏడాదికోసారి క్లీనింగ్. అంతే.

నా పాయింట్ ఇదే. మెట్ల బావి ఒక్కటే మన దాహం తీర్చదు. కానీ కింద నీళ్లెంత ఉన్నాయో అది దాచకుండా చూపిస్తుంది. చుట్టుపక్కల వాన నీళ్లు ఇంకితే దాని లెవెల్ పెరుగుతుంది, అందరం బోర్లతో లాగేస్తే దిగిపోతుంది. 2022లోనే గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బాగుచేసిన మెట్ల బావులకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. గర్వంగానే ఉంటుంది. కానీ బావికి అవార్డు కన్నా ముఖ్యం, చుట్టూ ఉన్నవాళ్లు దాంట్లో చెత్త వేయకపోవడం, దానికి నీళ్లు ఇవ్వడం. సెల్ఫీ స్పాట్ అయితే మూడేళ్లలో బోర్ కొడుతుంది. మన బావి అనుకుంటే ఇంకో మూడొందల ఏళ్లు ఉంటుంది.

ఎప్పుడైనా వెళ్తే ఫొటో తీసుకోండి, తప్పేం లేదు. దాంతో పాటు నీళ్లు ఎన్నో మెట్టు దగ్గరున్నాయో లెక్కపెట్టి, నెల పేరుతో కామెంట్‌లో రాయండి. మేలో ఒకరు, సెప్టెంబర్‌లో ఒకరు రాసినా చాలు, తేడా మనకే కనిపిస్తుంది. అలాగే మీ ఊళ్లో పూడిపోయిన బావి ఉంటే ఇంట్లో నానమ్మనో తాతయ్యనో అడిగి, దాని పాత పేరు కూడా రాయండి. ఆ పేర్లతోనే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఉంటా మరి. బై!