నరసరావుపేట నుంచి రాజ్‌భవన్‌కు

పల్నాటి నుంచి గవర్నరు పదవికి వెళ్ళిన కాసు బ్రహ్మానందరెడ్డి గారి గురించి నాలుగు మాటలు.

నరసరావుపేట దగ్గర చిరుమామిళ్ళలో 1909లో పుట్టారు. 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి గారి తర్వాత ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్ళు వదిలింది ఆయన హయాంలోనే. పల్నాటి మెట్ట పొలాలకు అంతకన్నా పెద్ద కబురేముంటుంది! విశాఖ ఉక్కు ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం కూడా ఆ కాలానివే. వాటి మీద కాల్పుల మచ్చ ఆయన పాలనను వదలలేదు. 1971లో దిగిపోయారు.

తర్వాత ఢిల్లీ. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించేనాటికి కేంద్ర హోంమంత్రి ఆయనే. అయినా అసలు నిర్ణయం ప్రధాని ఇంట్లోనే జరిగిపోయింది. మంత్రివర్గం ఆమోదం మర్నాడు పొద్దున. 1977లో నరసరావుపేట ఎంపీ, కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా.

1988 ఫిబ్రవరిలో మహారాష్ట్ర గవర్నరుగా నియమితులయ్యారు. బొంబాయిలో, మూడువైపులా సముద్రమున్న మలబార్ హిల్ రాజ్‌భవన్ ఆయన నివాసం. ఆ జూన్‌లో శరద్ పవార్ ముఖ్యమంత్రి అయ్యారు. పాలించేది ముఖ్యమంత్రే. గవర్నరును ప్రజలు ఎన్నుకోరు, కేంద్రం సలహాపై రాష్ట్రపతి నియమిస్తారు. మంత్రివర్గం సలహా ప్రకారమే నడుచుకోవాలి. ఏడేళ్ళు రాష్ట్రాన్ని నడిపిన మనిషికి అది చిన్న కుర్చీ అనే నా అభిప్రాయం. ఆ కుర్చీకి భరోసా కూడా తక్కువే. కేంద్రంలో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చింది, 1990 జనవరిలో బ్రహ్మానందరెడ్డి గారి పదవి ముగిసింది.

1994 మే 20న కన్నుమూశారు. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు పెట్టింది ఆయన పేరే.