ఉద్యాపన లేని నోము

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవముల సందర్భమున సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వానప్రస్థాశ్రమమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆలయ కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను పండితుడను కాను. హబ్సిగూడలో నలుబది యేండ్లకు పైగా కాపురమున్న ఒక విశ్రాంత ఉద్యోగిని. అరణ్యమునకు పోయిన అనుభవము లేదు. ఉప్పల్ చౌరస్తా దాటి పోవుటయే అరణ్యము దాటినంత పని. కావున ఆశ్రమ ధర్మములను వివరించు సాహసము చేయక, వయసు మళ్ళినవారు ఏయే బరువులు దించుకొని హాయిగా ఊపిరి పీల్చుకొందురో, ఎవరి బరువు దిగక మిగిలిపోవుచున్నదో, ఆ సంగతి మాత్రము మనవి చేయుదును. ఆనాడు సభలో వినినవారును, నేడీ సంచికలో చదువుచున్నవారును నా చాపల్యమును మన్నింతురు గాక.

మన ప్రాంతము పదవీ విరమణ చేసినవారికి పుట్టినిల్లు వంటిది. ఉప్పల్ రహదారి పొడవునా, తార్నాక మొదలుకొని, ఎన్ని పరిశోధనాలయములు వెలసినవో మీరెరుగుదురు. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదు వచ్చినది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. పిదప సీసీఎంబీ వచ్చినది. మరొక వైపు నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు. ఈ సంస్థలలోను, కర్మాగారములలోను చేరిన యువకులు ఇక్కడనే స్థలములు కొని, ఇండ్లు కట్టుకొని, ఇక్కడనే జుట్టు నెరపించుకొన్నారు. అందువలన మన ఆలయ మండపములో సాయంకాలము ఏ స్తంభము ప్రక్కన కూర్చున్నను ఒక పింఛనుదారు తగులును.

ఆ స్తంభముల ప్రక్కన జరుగు సంభాషణలు నాకు ప్రీతి. ఎవరెవరు ఏమేమి వదలుకొని సంతోషించుచున్నారో అక్కడ తెలియును. ఒక పెద్దాయనకు అలారము గడియారము మోగకపోవుటయే మోక్షము. ఇంకొకరికి క్రిందివారి పనితీరుపై ఏటేటా రహస్య నివేదికలు వ్రాయు పని తప్పినందుకు ఆనందము. ఆ మార్చి మాసములలో తనకు నిద్ర పట్టెడిది కాదని ఆయన చెప్పుచుండును. కరెంటు బిల్లునకు, నీటి బిల్లునకు, టెలిఫోను బిల్లునకు వేరువేరు వరుసలలో నిలువబడిన రోజులు మాలో అందరికిని జ్ఞాపకమే. 2001లో ఈసేవా కేంద్రములు వచ్చి అన్నియు ఒకచోట చేర్చినవి. ఇప్పుడు మనుమడు చరవాణిలో నొక్కిన చాలును. నవంబరు మాసములో బ్యాంకునకు పోయి బ్రతికియున్నామని నిరూపించుకొను పని కూడ 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చిన పిమ్మట తేలికయినది. స్కూటరు తోలుట మానినందుకు సంతోషించువారు చెప్పనలవి కానంత మంది.

అన్నిటికన్న విచిత్రమైనది చదివింపుల పుస్తకము. మన ఇండ్లలో పెండ్లి జరిగినపుడు ఎవరెంత చదివించినారో ఒకరు కూర్చుండి పుస్తకములో వ్రాయుదురు. అది చూచుకొనియే వారింటి శుభకార్యమునకు మనము తిరిగి చదివింపవలెను. మిత్రులొకరి యింట అట్టి పుస్తకములు మూడు ఉండెడివి: తమ పెండ్లిది, కూతురిది, కొడుకుది. మాఘమాసము వచ్చినదనిన ఆయనకు గుండె దడ. ఒకే ముహూర్తమునకు నాచారంలో ఒక పెండ్లి, కూకట్‌పల్లిలో ఒక పెండ్లి. పోకున్న తప్పు, ఒక యింటికి పోయి మరియొక యింటికి పోకున్న అంతకన్న తప్పు. 2017 నవంబరులో మెట్రో రైలు నడవనారంభించినపుడు ఆయన సంతోషించుటకు బదులు విచారించినాడు: "ఇంక దూరమను సాకు కూడ పోయినది!" డెబ్బది యేండ్లు నిండిననాడు ఆ మూడు పుస్తకములను కొడుకు చేతికిచ్చి, "నాయనా, ఇందులో నీకు తెలిసినవారికి నీవు పో, తెలియనివారికి నా ఆశీస్సులు ఫోనులో చెప్పుదును" అన్నాడట. ఆ రాత్రి పట్టిన నిద్ర ఉద్యోగ విరమణనాడు కూడ పట్టలేదని ఆయన మాట.

ఇట్లు సంతోషించుట స్వార్థమేమోనని కొందరు సందేహింతురు. నాకు అట్లు తోచదు. పెద్దల బరువు దించుట మన సంప్రదాయములో ఉన్నదే. ఏకాదశి ఉపవాసమును ఎనిమిదేండ్లు దాటినవారికి, ఎనుబది యేండ్లు నిండనివారికి విధించి, ఆ పైవారిని ధర్మశాస్త్రము విడిచిపెట్టినది. ప్రభుత్వము సైతము ఎనుబది నిండిన కేంద్ర పింఛనుదారునకు మూల పింఛనుపై నూటికి ఇరువది అదనముగా ఇచ్చుచున్నది. సహస్ర చంద్ర దర్శనము కూడ ఇంచుమించు అప్పుడే. వేయి పున్నములకు లెక్క కట్టిన ఎనుబది యేండ్ల పది మాసములగును. దేవుని విషయములో మాత్రము? జీర్ణోద్ధరణకు పూనుకొన్నపుడు మొదట కళాకర్షణము చేసి, మూలమూర్తిలోని శక్తిని కలశములోనికి ఆవాహన చేసి, బాలాలయమునకు చేర్చెదరు. మన దారినే పోవు యాదాద్రిలో 2016 నుండి 2022 మార్చి 28వ తేదీన ప్రధానాలయము తెరుచుకొనువరకు భక్తులకు దర్శనము బాలాలయములోనే. స్వామికి కూడ విరామమును విధివిధానముగా, మంత్రపూర్వకముగా, ఆ కార్యమును మోయుటకు వేరొక స్థానము ఏర్పరచి యిచ్చెదరు. ఇది గమనింపదగినది.

ఇంక నా కథ. నేను 2009లో అరువదవ యేట పదవీ విరమణ చేసినాను. కేంద్ర ఉద్యోగులకు 1998 వరకు ఏబది యెనిమిదే గడువు; నాకు రెండేండ్లు అదనముగా దక్కినవి. ఆనాడు శాలువా కప్పినారు, పూలమాలలు వేసినారు, సమూహ ఛాయాచిత్రము తీసినారు, కార్యాలయపు వాహనములో ఇంటివరకు దిగబెట్టినారు. వెంట వచ్చిన పాతికమందికి మా శ్రీమతి ఉప్మా, మైసూరుపాకు, కాఫీ సిద్ధము చేసి యుంచినది. మరునాడు నేను ఎంతో ఉదారముగా ఆమెతో అంటిని గదా: "ఇంక నీవు తెల్లవారుజామున లేచి డబ్బా కట్టనక్కరలేదు. నేను ఇంటిలోనే వేడివేడిగా భోజనము చేయుదును."

ఆ వాక్యములోని మోసము నాకు పది సంవత్సరములు తెలియలేదు. డబ్బా కట్టినంత కాలము ఆమె వంట ఎనిమిది గంటలకు ముగిసెడిది. నేను ఇంట కూర్చున్న పిమ్మట తొమ్మిదింటికి ఫలహారము, పదునొకండింటికి రెండవ కాఫీ, ఒంటిగంటకు భోజనము, నాలుగింటికి తేనీరు, వచ్చిపోవు మిత్రులకు మరల కాఫీ. నా తీరిక ఎంత పెరిగెనో ఆమె పని అంత పెరిగినది. మేము మండపములో కూర్చుండి వైరాగ్యము ముచ్చటించు వేళ మా ఆడువారు రాత్రి వంటకు కూరలు తరుగుచుండిరి.

మా యింట మాత్రమే కాదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, ఆ పని చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ పని చేయు పురుషులే నూటికి 26 మంది!

2019లో, చలికాలమున, ఒకనాడు నాలుగున్నరకు మెలకువ వచ్చి చూచితిని. వంటింట దీపము వెలుగుచున్నది. పిల్లలు ఊళ్ళో లేరు, నేను ఎక్కడికిని పోవలసినది లేదు. మోకాలిపై చేయి వేసి ఆమె మెల్లగా లేచి నిలువబడుచున్నది. అప్పటికి ఆమెకు అరువదియారు. "ఇప్పుడెందుకు లేచినావు?" అంటిని.

"లేవనక్కరలేదని నాకు ఎవరైనా ఉత్తర్వు ఇచ్చినారా అండీ?" అన్నది. నిష్ఠూరము లేదు, నవ్వుచునే అన్నది. కొంతసేపటికి తానే మరల, "మంగళగౌరీ నోమునకైనను ఐదేండ్లకు ఉద్యాపన ఉన్నది. దీనికి లేదు," అన్నది.

ఆ మాటకు సమాధానము కొరకు నేను గ్రంథములు తిరుగవేసితిని. మనుస్మృతిలో వానప్రస్థమునకు కాలము చెప్పినారు: ముడుతలు, నరసిన వెండ్రుకలు, మనుమడు కానవచ్చినపుడు. భార్య మాటకు వచ్చినపుడు ఆమెను కుమారులకు అప్పగించియైనను పోవచ్చును, వెంటబెట్టుకొనియైనను పోవచ్చును. ఆమెకు ఎప్పుడు విరామమో నాకు కనబడలేదు. కొడుకింటనున్నను పొయ్యి ఉన్నది, అడవిలోనున్నను పొయ్యి ఉన్నది. పెద్దలు తప్పుగా భావింపకుందురు గాక, కనబడినది చెప్పుచున్నాను.

నోమునకు ఉద్యాపన యనగా నోమును మధ్యలో విడుచుట కాదు. ఇన్నేండ్లు చేసితినని నలుగురి యెదుట చెప్పి, వాయనమిచ్చి, ముగించుట. కావున ఆ సంక్రాంతికి పిల్లలు వచ్చినపుడు మా యింట ఒక ఉద్యాపన జరిపినాము. హోమము లేదు, పురోహితుడు లేడు. ఏవి విడువవలెనో, ఏవి ఉంచుకొనవలెనో ఆమెయే నిర్ణయింపవలెను, మేము మారు పలుకరాదని నియమము. నేను కార్యాలయపు ఉత్తర్వు ఫక్కిలో ఒక కాగితము కూడ వ్రాసినాను. కోడలు చదివినది, కొడుకు సంతకము చేసినాడు.

ఆమె మొదట విడిచినది ఆవకాయ. ముప్పది యేండ్లకు పైగా ప్రతి వేసవిలోను కాయలు తెప్పించి, తుడిచి, ముక్కలు కొట్టించి, ఆవపిండి కలిపి, కూతురికొక జాడీ, కొడుకుకొక జాడీ, తోబుట్టువులకు సీసాలు. అందరును దానిని ఆమె సరదా యనుకొన్నాము. "నాకు ఆవఘాటు పడదు, కన్నులు వారము రోజులు మండును," అని ఆనాడు చెప్పినది! రెండవది, పిలిచిన ప్రతి పేరంటమునకు పోవుట. మూడవది మధ్యాహ్నపు వంట. అది నాకు వచ్చినది.

దేవుని యెదుట దీపము, తులసి కోట, ఉదయపు నైవేద్యము విడువలేదు. "అవి బరువు కావు," అన్నది. ఏది బరువో, ఏది కాదో ప్రక్కనున్న నాకు కూడ తెలియలేదన్నమాట.

అంతయు సుఖాంతమైనదని చెప్పను. మొదటి వేసవిలో ప్రక్కింట ఆవపిండి కొట్టుచుండగా ఆ వాసనకు ఆమె గేటు వద్దకు పోయి చాలసేపు నిలువబడినది. ఏమని అడిగితిని. "ఏమీ లేదు, ఉప్పు తక్కువ వేయుచున్నారేమోనని," అన్నది. నా వంట సంగతి చెప్పవలెనన్న, అన్నము కుదిరినది, పప్పు కుదిరినది, పులుసు ఇంకను కుదరలేదు. నెలకు నాలుగైదు దినములు వీధి చివర కర్రీ పాయింటే దిక్కు. కాని ఆమె ఇప్పుడు ఆరింటికి లేచును.

దాతలకు ఒక విన్నపము. ఈ సంచికలో గోపురమునకు, ధ్వజస్తంభమునకు, మండపమునకు విరాళములిచ్చినవారి పేర్లు యథోచితముగా అచ్చయినవి. మన ఆలయపు వంటశాలలో ప్రతి పండుగకు పులిహోర కలుపుచున్నవారు మాత్రము ఏండ్ల తరబడి ఆ అయిదారుగురు తల్లులే. వారిలో అందరికన్న చిన్నవారికి అరువదియెనిమిది. వారిని ఎవరును బలవంతపెట్టలేదు, నిజమే. చాలునని కూడ ఎవరును చెప్పలేదు. కుంభాభిషేకము ముగిసిన పిమ్మట ఒక శుక్రవారము వారికి పసుపు కుంకుమలు, చీరలు సమర్పించి ఉద్యాపన జరుపుటకు కార్యవర్గమువారు అంగీకరించినారు. చేయుదుమన్నవారు ఆ పైనను చేయవచ్చును; మానుదుమన్నవారు మండపములో మా ప్రక్కన వచ్చి కూర్చుండవచ్చును.

రాబోవు శ్రావణమాసమునకు వంటశాలలో సేవ చేయదలచినవారు తమ పేర్లు ఆలయ కార్యాలయములోని పుస్తకములో వ్రాయింపవలసినదిగా ప్రార్థన. పురుషులు కూడ వ్రాయించుకొనవచ్చును. మొదటి పేరు నాదే. చింతపండు పిసుకుట, అరటి ఆకులు కడుగుట వచ్చును, తాలింపు నేర్చుకొనుచున్నాను.