బిగిసిన కడ్డీని ఊడఁదీయుట



మన కడప, కర్నూలు సీమల నాపరాతి పొరలనుండి యూరు బోరునీటియందు సున్నము మెండు. మిద్దెలమీఁది సోలారు గీజర్లలో ననేకములందు మెగ్నీషియము కడ్డీ యుండును. తొట్టి చెడకుండఁ దానే కరఁగిపోవుట దాని ధర్మము. 1824వ సంవత్సరమున హంఫ్రీ డేవీ పండితుఁడు యుద్ధనౌకల రాగిరేకులను జింకు, ఇనుములచేఁ గాపాడఁ జూపిన సూత్రమే యిది.

కరఁగిన కడ్డీని మార్పకున్నఁ దొట్టికే తూటు పడును. అయిన, తుప్పును సున్నమును బట్టిన మర యొకపట్టున కదలదు. నేను తొందరపడి పానాను బలముగా లాగఁగాఁ దొట్టి మెలిదిరిగి రెండు గాజుగొట్టములు పగిలినవి. ఆ నష్టము మీకు వలదు.

ముందునాఁటి సాయంకాలమే వేడినీటిని వాడివేసి, రాత్రి మరపైఁ దుప్పు వదల్చు నూనె వేయుఁడు. వేకువను కరెంటు నాపి, నీరు వచ్చు కొళాయిని గట్టి, తొట్టిలోని నీటిని దింపుఁడు. ఒకరు తొట్టిని గదలకుండఁ బట్టుకొనవలయును. పానా పిడికిఁ బొడవైన గొట్టము తొడిగి, మొదట రవంత కుడికి బిగించి, పిమ్మట నెడమకు మెల్లమెల్లఁగాఁ ద్రిప్పుఁడు. రాకున్న మరల నూనె వేసి వేచియుండుఁడు.

క్రొత్తకడ్డీ మరకుఁ దెల్లపట్టీ చుట్టి బిగించి, ఎండ యెక్కకమున్నే నీరు నింపుఁడు. కాఁగిన గాజుపైఁ జన్నీళ్లు పడినఁ బగులును. ఇట బలముకంటె నోర్పే మేలు.