నడకకు తోడు వెళ్లండి



డాక్టరు గారు రాసిన మందుల చీటీ భద్రంగా దాచుకుంటారు. "రోజూ నడిపించండి" అన్న మాట మాత్రం గేటు దాటగానే మరిచిపోతారు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు రోజుకు 60 నిమిషాలు శరీరశ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కండరాలు పనిచేస్తే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి.

"పొలం పని చాలదా?" అంటారు. నాట్లప్పుడు, కలుపులప్పుడు చాలు. మిగతా నెలల్లో? ఒంటరిగా నడవాలంటే ఆడవాళ్లకు సిగ్గు. దానికి మా దగ్గర మాత్ర లేదు! వాడకట్టులో నలుగురు కలిసి బయలుదేరితే అదే పోతుంది.

2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. నేలకొండపల్లి చుట్టుపక్కల మీ ఊరి ప్రాంగణంలో గడ్డి పెరిగి ఉంటే యువకులు ఒక ఆదివారం కోయండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన ఆనంద్ కుమార్ భద్రాచలం అవతల చర్ల వైపు పిల్లవాడే. గురుకులం వారు అవకాశమిస్తే భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నాడు.

షుగరున్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారి జేబులో కాస్త పంచదార ఉంచండి. గుండెలో నొప్పి వస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఈ రోజు ఇంటికి వెళ్లేవారు, మీ మనిషి ఎంతసేపు నడవవచ్చో డాక్టరు గారిని అడిగి మరీ వెళ్లండి.