తొండం విరిగిన ఏనుగు



మధ్యాహ్నం రెండు గంటల వేళ మన యిళ్ళు ఎలా వుంటాయో నేను చెప్పక్కర్లేదు. వంటిల్లు సర్దేసి వుంటాం. ఆయన ఆఫీసులో వుంటారు. పిల్లలు కాలేజీలోనో, హాస్టల్లోనో. సాయంత్రం కాఫీ పెట్టే దాకా ఆ రెండు గంటలూ అచ్చంగా మనవే. మరి వాటిని ఏం చేస్తున్నాం? ఓ కునుకు తీస్తాం, లేదా నిన్న సగంలో వదిలేసిన సీరియల్ చూస్తాం. లేచేసరికి తలనొప్పి! నేనూ అంతే చేసేదాన్ని. ఎవరైనా "ఏదన్నా నేర్చుకోరాదూ?" అంటే, "నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పుడు నాకు కొత్త విద్యలేమిటండీ" అనేదాన్ని. ఆ మాట ఎలా మానేశానో ఈవేళ మీతో చెప్పుకుంటాను.

మాది విజయవాడ. మా యింట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. నేను కాపరానికి వచ్చేటప్పుడు మా అమ్మ సారెతో పాటు ఓ కొండపల్లి ఏనుగునిచ్చింది. పైన అంబారీ, అంబారీలో రాజుగారు. అమ్మ ఇప్పుడు లేదు. పోయినేడాది ధనుర్మాసంలో అటక మీద నుంచి బొమ్మల పెట్టె దింపుతుంటే చెయ్యి జారింది. మూత తీసి చూద్దును కదా, ఏనుగు తొండం విరిగి వుంది. ఆ విరిగిన ముక్క ఎక్కడ పడిందో గాని, ఇల్లంతా వెతికినా దొరకలేదు.

"విరిగిన బొమ్మ కొలువులో పెట్టకూడదమ్మా" అన్నారు మా అత్తయ్యగారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. పెట్టకూడదు సరే, పారెయ్యడానికి నాకు చేతులు రావే! చీర కొంగులో చుట్టుకుని అలాగే కూర్చున్నాను. పక్కింటి వదినగారు వచ్చి చూసి, "ఇదేమిటండీ, కొండపల్లి మనకి పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. పట్టుకెళ్ళి చూపిద్దాం పదండి" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. పాతికేళ్ళుగా ఈ వూళ్ళో వుంటున్నాను, ఏటా ఆ బొమ్మలు కొంటున్నాను, ఒక్కసారీ కొండపల్లి వెళ్ళలేదు. తిరుపతి వెళ్ళాం, కాశీ వెళ్ళాం. పక్కనున్న వూరు మాత్రం చూడలేదు. మర్నాడు నలుగురం ఆడవాళ్ళం కలిసి బస్సెక్కాం.

కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట, కింద బొమ్మలు చేసే వాళ్ళ వీధి. వాళ్ళ పూర్వులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఓ యింటి అరుగు మీద కూర్చుని ఆ పనంతా కళ్ళారా చూశాం. బొమ్మకి వాడేది తెల్లపొణికి కర్ర. దూదిలా తేలిగ్గా వుంటుంది. దాన్ని ముక్కలు కోసి, లోపలి చెమ్మ పోయేదాకా సన్నని సెగ మీద ఆరబెడతారు. ఏనుగైతే ఒళ్ళు వేరు, కాళ్ళు వేరు, తొండం వేరు, చెవులు వేరు! దేనికది విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని 'మక్కు' అంటారు. ఆ మక్కుతో ముక్కలన్నీ అతికించి, ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, అప్పుడు రంగులు వేస్తారు. మేక వెంట్రుకల కుంచెతో ఓ యిల్లాలు రాజుగారికి మీసం దిద్దుతోంది. ఒక్క గీత, అంతే! మళ్ళీ దిద్దడం లేదు.

నా ఏనుగుని చూపించి, "ఏమ్మా, దీనికి తొండం పెడతావా?" అన్నాను. ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "ఇది మా మామగారి నాటి పనిలా వుందమ్మా. నేను పెట్టిస్తాను, కాని పండగ పని మీదుంది, పది రోజులాగాలి. పోనీ, మీరే చేసుకోరాదా? ఇదేం బ్రహ్మవిద్యా?" అని కాస్త మక్కూ, రెండు పొణికి ముక్కలూ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "పొణికి పూర్వంలా దొరకడం లేదమ్మా, జాగ్రత్తగా వాడుకోండి" అని మాత్రం చెప్పింది.

ఇహ నా ఘనకార్యం వినండి. మధ్యాహ్నం కూరల కత్తి పుచ్చుకుని కూర్చున్నాను. మొదటి తొండం ములక్కాడలా తయారైంది. రెండోది చెక్కుతూండగానే విరిగింది, వేలు తెగింది. మా వారు సాయంత్రం వచ్చి వేలికి కట్టు చూసి, "ఈ వయసులో నీకెందుకే ఈ వడ్రంగం?" అన్నారు. నాకూ అదే అనిపించింది. పొట్లం కట్టేసి, అటక మీద పడేద్దామనుకున్నాను.

అప్పుడు మా అత్తయ్యగారు ఏమన్నారో తెలుసా? "కత్తి నీ వైపుకి కాదమ్మా, అవతలి వైపుకి లాగాలి. ఇలా తే."

నేను నిర్ఘాంతపోయాను. చిన్నప్పుడు వాళ్ళ వూళ్ళో ఆడపిల్లలంతా కలిసి చెరువు మట్టి తెచ్చి కొలువుకి బొమ్మలు చేసేవారట. ఎద్దులూ, బండీ, రోలూ, రోకలీ అన్నీ ఆవిడ చేసేవారట! పెళ్ళయ్యాక మళ్ళీ మట్టి ముట్టుకోలేదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?" అన్నాను. "మీరెవరైనా అడిగారా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఆవిడకి మందులు వేళకి ఇస్తున్నాను, పథ్యం వండుతున్నాను. మీకేమిష్టం అని ఏనాడూ అడగలేదు.

మిగిలిన ముక్కతో మేమిద్దరం కలిసి నాలుగు మధ్యాహ్నాలు కష్టపడ్డాం. తొండం వచ్చింది. కాస్త వంకర. రంగు కూడా పాత రంగుతో కలవలేదు. అయినా భోగి నాడు కొలువులో పై మెట్టు మీదే పెట్టాను. పేరంటానికి వచ్చిన వాళ్ళు హారతి పాడి, శనగలూ తాంబూలం పుచ్చుకుని ఊరికే వెళ్ళిపోలేదు సుమండీ. "ఈ ఏనుగేమిటి ఇలా వుంది?" అని ఒకరు, "ఎలా చేశారండీ?" అని ఇంకొకరు! అత్తయ్యగారు చెబుతూంటే చుట్టూ చేరి కూర్చున్నారు. ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం మా యింట్లో ఐదారుగురం కలుస్తున్నాం. ఒకరు మట్టి, ఒకరు గుడ్డ బొమ్మలు. మా పక్కింటి వదినగారు కాగితపు గుజ్జుతో మాస్కులు చేస్తున్నారు. అందరివీ వంకరే! ఎవరూ ఎవర్నీ చూసి నవ్వుకోరు.

ఇంకో సంగతి. కిందటి నెల మళ్ళీ కొండపల్లి వెళ్ళాను. గీతోపదేశం బొమ్మ ధర చెప్పారు. అలవాటు కొద్దీ "సగానికిస్తావా?" అనబోయాను. నాలుక్కరుచుకున్నాను. ఒక తొండానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఒక వేలు తెగింది. అందులో నాలుగు గుర్రాలున్నాయి! మాట్లాడకుండా అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను.

అంచేత నేను చెప్పేదేమిటంటే, కళని చూసి ఆనందించడం మంచిదే, కాని ఓసారి మన చేత్తో చేసి పాడు చేస్తే గాని దాని విలువ తెలియదు. బాగా రావాలని పట్టుదల వద్దు. మనకేం బహుమతులు కావాలా? మీ వూరికి దగ్గర్లో ఏముందో కనుక్కోండి. విశాఖ వైపు వాళ్ళకి లక్క రంగుల ఏటికొప్పాక బొమ్మలున్నాయి. బందరు వైపు వాళ్ళకి పెడనలో కలంకారీ అద్దకం వుంది. చిత్తూరు వైపు వాళ్ళకి శ్రీకాళహస్తి కలంకారీ, అనంతపురం వైపు వాళ్ళకి నిమ్మలకుంట తోలుబొమ్మలు. తెలంగాణా వాళ్ళకి నిర్మల్ బొమ్మలూ, చేర్యాల నకాషీ పటాలూ ఉండనే వున్నాయి. ఓ రోజు నలుగురూ కలిసి వెళ్ళండి. కొనడానికే కాదు, కూర్చుని చూడటానికి. వాళ్ళ పనికి అడ్డం రాకుండా అడిగితే ఆప్యాయంగా చెబుతారు.

ఆ పని మొదలుపెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని మాత్రం ఒక్కమాట అడగండి: "చిన్నప్పుడు మీరేం చేసేవారండీ?" అని. గురువుగారు మీ యింట్లోనే, ఆ వాలుకుర్చీలోనే వుండవచ్చు.

మా ఏనుగు ఈ ఏడు కూడా పై మెట్టు మీదే వుంటుంది. తొండం వంకర అలాగే వుంచుతాను. సంక్రాంతికి మా యింటికి పేరంటానికి వస్తే మీరే చూద్దురుగాని.

సెలవు.