పడవకు తగిన ప్రొపెల్లరు
(ఎల్‌.బి. నగర్ ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

ఈ ఎల్‌.బి. నగర్ నుండి సాగు దారి నాగార్జునసాగరమునకు చేరును. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. ఆ జలాశయము నడుమనున్న నాగార్జునకొండకు నేటికిని లాంచీలోనే పోవలెను.

మీ రేవులలోని మరపడవలకును ఒకటే సూత్రము. ప్రొపెల్లరు ఒక చుట్టునకు లెక్క ప్రకారము ముందుకు సాగవలసిన దూరమే పిచ్. బరువు మోయుచు మెల్లగా సాగు పడవకు పెద్ద వ్యాసము, చిన్న పిచ్ తగును. పిచ్ హెచ్చినచో ఇంజను రొప్పి నల్లపొగ గ్రక్కును. తగ్గినచో చుట్లు మితిమీరి అరిగిపోవును.

ముందుగా అడుగున పట్టిన పాచి గీకించి, డీజిలు ఫిల్టరు, ఇంజెక్టరు శుభ్రపరపుడు. పిదప అనుమతించిన నిండు బరువుతో, పూర్తి వేగమున నడిపి, ఇంజను చుట్లను తయారీదారుల లెక్కతో సరిచూడుడు.

ఏటికి ఎదురీదలేని పడవ ప్రాణములకు ముప్పు. రేవు వేలము నాడే ఈ పరీక్షను షరతుగా వ్రాయించుడు.