వేలంపాటలో మారిన భాష

క్రీ.పూ. 180లో ఇటలీలోని కుమే పట్టణం వాళ్లు రోముకు అర్జీ పెట్టుకున్నారు. ఊరి వ్యవహారాలు లాటిన్‌లో నడుపుకుంటాం, వేలంపాట కూడా ఆ భాషలోనే పాడిస్తాం, అనుమతి ఇప్పించండని. వాళ్ల సొంత భాష ఆస్కన్. మానెయ్యమని రోము చెప్పనే లేదు. పదవులూ బేరాలూ లాటిన్ వైపే ఉంటే బలవంతంతో పనేముంది?

అలాగే లాటిన్ ముందు సొంత భాష పోగొట్టుకున్న మరో ఇటలీ జాతి ఎట్రుస్కన్లు; వాళ్ల సంగతి ఇంకా జాలి. రోముకు అక్షరాలు అందించింది వాళ్లే. క్లాడియస్ చక్రవర్తి వాళ్ల చరిత్రను 20 సంపుటాలుగా రాశాడు, అదీ గ్రీకులో! ఒక్కటీ మిగల్లేదు. శాసనాలు కాక, వాళ్ల భాషలో మనకు దక్కిన పెద్ద రచన ఒక నారబట్ట పుస్తకం. ఈజిప్టులో ఎవరో దాన్ని అడ్డంగా పేలికలు చేసి ఒక స్త్రీ మమ్మీకి చుట్టేశారు. 1848లో ఒకాయన ఆ మమ్మీని అలెగ్జాండ్రియాలో కొన్నాడు. చుట్టిన బట్ట మీద ఉన్నది ఎట్రుస్కన్ అని తేలడానికి మరో నలభై ఏళ్లు పైనే పట్టింది. ఇప్పుడది జాగ్రెబ్ మ్యూజియంలో ఉంది. సుమారు 1200 మాటలు కూడబలుక్కుని చదవొచ్చు. అర్థమయ్యేవి మాత్రం కొన్నే. ఏ రోజు ఏ దేవుడికి ఏ నైవేద్యం పెట్టాలో రాసుకున్న పంచాంగం లాంటిదట.